రాతి తీరం వెంట పరుగు: దారి వేసుకోవడం, పోటు లెక్క, అడుగు జాగ్రత్త

సముద్రం పక్క దారి కదా, చదునుగానే ఉంటుందిలే అనుకోవడం దగ్గరే చాలామందికి లెక్క తప్పుతుంది. ఇసుక తీరం సంగతి వేరు, రాతి తీరం సంగతి వేరు. వాగు సముద్రంలో కలిసే ప్రతిచోటా దారి నీటిమట్టం దాకా దిగుతుంది, దాటగానే మళ్లీ సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము మీదికి ఎక్కుతుంది. ఇంగ్లండు నైరుతి మూల చుట్టూ సాగే సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ పొడవు 1,014 కి.మీ. దాని ఎక్కుళ్లన్నీ కూడితే సుమారు 35,000 మీటర్లు, అంటే కిలోమీటరుకు దాదాపు 35 మీటర్లు. వేల్స్‌లోని 299 కి.మీ. పెంబ్రోక్‌షైర్ తీరబాటలోనూ కిలోమీటరుకు ఎక్కుడు ఇంచుమించు అంతే. చెప్పుకోదగ్గ శిఖరం ఒక్కటీ లేకుండానే కాళ్లకు కొండ పరుగంత పని పడుతుంది.

అందుకని ఇలాంటి తీరంలో దారి వేసుకునేటప్పుడు ముందు గడియారం చూడాలి. పరుగుకు ఎన్ని గంటలు పడుతుంది, ఆ గంటల్లో నీరు ఎక్కడ ఉంటుంది, గాలి ఎటునుంచి వీస్తుంది, ఎండ ఎటు పడుతుంది? ఈ నాలుగూ కుదిరాక దూరం దానంతట అదే తేలుతుంది.

దారి గీయడం

కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలున్న పటం ఒకటి తీసుకుని మొదట తప్పించుకునే దారులు గుర్తుపెట్టండి. తీరం నుంచి లోపలి రోడ్డుకు ఎక్కే కాలిబాటలు, మెట్లు, బండి దారులు అన్నీ ఇందులోకి వస్తాయి. కొత్త తీరంలో రెండు తప్పించుకునే దారుల మధ్య 3 కి.మీ. మించి లేకుండా చూసుకోండి. కాలు మెలిపడితే ఆ 3 కి.మీ. కుంటుకుంటూ నడవడానికి గంటన్నర పడుతుంది. చలిగాలిలో అంతకు మించి బయట ఉండాల్సి వస్తే ప్రమాదం.

తరువాత కొండ పాదం వెంట, అంటే కింద నీరు పైన రాయి ఉన్న చోట వెళ్లే ముక్కలన్నీ ఎర్రగా గీయండి. పోటు వచ్చినప్పుడు మూసుకుపోయేవి ఇవే. వాగు నోళ్లను కూడా గుర్తుపెట్టండి. నీరు తీసిన వేళ మడమ తడవని వాగే పోటు వేళ మోకాలి పైదాకా రావచ్చు.

తీరం వెంట ఒకవైపు వెళ్లి అదే దారిన తిరిగి రావడం కన్నా చుట్టు దారి మేలు. కింది దారిన మొదట వెళ్లి, పైదారిన తిరిగి రండి. కొండ మీది బాట ఏ వేళైనా తెరిచే ఉంటుంది కాబట్టి ఆలస్యమైతే అక్కడే కావాలి. దీన్ని తిప్పి, పైన మొదలుపెట్టి కింద ముగించేలా వేసుకుంటే పైన పోగొట్టుకున్న ప్రతి నిమిషమూ కింద నీటికి దొరుకుతుంది.

ఫోను యాప్ చూపే ఎక్కుడు అంకెను తీరం దారిలో నమ్మకండి. యాప్‌లు వాడే ఎత్తుల పటాలు చాలావాటిలో ఒక్కో గడి 30 మీటర్లు ఉంటుంది. బాట అంచుకు పది మీటర్ల దూరంలో ఉంటే, ఆ గడిలో సగం కొండ, సగం సముద్రం. దాంతో చదునైన బాట మీద కూడా యాభై మీటర్ల దిగుళ్లు, ఎక్కుళ్లు లేనిపోనివి పుట్టుకొస్తాయి. పటం మీద వాగులు లెక్కపెట్టి, ఒక్కోచోట ఎన్ని కాంటూరు గీతలు దిగి ఎక్కుతున్నారో చేత్తో కూడటమే నమ్మకమైన పద్ధతి. జీపీఎస్‌కూ ఇక్కడ ఒక బలహీనత ఉంది. నిలువు కొండ కింద ఉపగ్రహాల సంకేతం రాతికి తగిలి తిరిగి రావడంతో మీరు సముద్రంలో పరుగెత్తుతున్నట్టు గీత పడుతుంది. పటాన్ని ఇంటర్నెట్ లేకుండా తెరుచుకునేలా ముందే దింపుకోండి. కొండకొమ్ము చాటున సిగ్నలు తరచుగా పోతుంది.

సమయం లెక్క

కొండ పరుగు వాళ్లు వాడే మోటు లెక్క ఒకటుంది: 1 మీటరు ఎక్కుడు 8 మీటర్ల చదును నేలకు సమానం. ఉదాహరణకు 12 కి.మీ. దారి, మధ్యలో ఐదు వాగులు, ఒక్కోచోట 60 మీటర్లు ఎక్కాలి అనుకుందాం. మొత్తం 300 మీటర్ల ఎక్కుడు. 300ను 8తో గుణిస్తే 2,400 మీటర్లు. అంటే కాళ్లకు ఇది 14.4 కి.మీ. రోడ్డు మీద కిలోమీటరుకు 6 నిమిషాల 30 సెకన్లు పట్టేవాళ్లకు సుమారు 94 నిమిషాలు అవుతుంది. రాళ్లు, మెట్లు, బురద కోసం ఇంకో 20 శాతం కలిపితే 112. నిలబడి చూసుకోవడానికి, నీళ్లు తాగడానికి 15 నిమిషాలు. మొత్తం 2 గంటల 10 నిమిషాలకు సిద్ధపడాలి. రోడ్డు లెక్కన చూసుకున్నవాళ్లు 78 నిమిషాలు అనుకుని ఒక్క నీళ్ల సీసాతో బయల్దేరతారు. ఎక్కువ పొరపాట్లు ఈ తేడాలోంచే పుడతాయి.

ఆటుపోట్లు

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు ఉంటాయి. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందువల్ల మర్నాడు అదే పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నిన్న ఏడింటికి ఖాళీగా ఉన్న రాతి తిన్నె ఈరోజు ఏడింటికి తడిగా ఉండొచ్చు, వారం తిరిగేసరికి మునిగే ఉండొచ్చు. అమావాస్యకు, పున్నమికి ఒకటి రెండు రోజుల తరువాత పోటు బాగా పైకి, ఆటు బాగా కిందికి పోతాయి. అష్టమి ప్రాంతాల్లో తేడా తక్కువ. అమావాస్య, పున్నమి వేళల ఆటు సమయంలో ఎప్పుడూ కనిపించని ఇసుక, గుహల నోళ్లు బయటపడతాయి. చూడటానికి అంతకన్నా అందమైన వేళ లేదు. అయితే ఆ రోజుల్లో నీరు తిరిగొచ్చే వేగం కూడా ఎక్కువే.

ఆటు నుంచి పోటుకు పట్టే సుమారు ఆరు గంటలూ ఆ వేగం ఒకేలా ఉండదు. నావికులు వాడే పన్నెండో వంతుల లెక్క ప్రకారం నీరు మొదటి గంటలో మొత్తం తేడాలో పన్నెండింట 1 వంతు, రెండో గంటలో 2, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో 2, ఆరో గంటలో 1 వంతు కదులుతుంది. పోటు ఆటుల తేడా 4.8 మీటర్లు ఉన్న రోజున మొదటి గంటలో నీరు 40 సెంటీమీటర్లే పెరుగుతుంది. మూడో గంటలో 1.2 మీటర్లు. ప్రతి 50 మీటర్లకు 1 మీటరు వాలే ఇసుక మీద 1.2 మీటర్లంటే ఒక్క గంటలో నీటి అంచు 60 మీటర్లు లోపలికి వచ్చినట్టు. మొదటి గంటలో చూసి ‘నెమ్మదిగానే వస్తోంది’ అనుకున్నవాళ్లు చిక్కుకునేది ఇందుకే. రోజుకు ఒకే పోటు వచ్చే తీరాల్లోనూ, ఇరుకు నదీముఖాల్లోనూ ఈ లెక్క పనిచేయదు. అక్కడ గంట గంటకూ ఎత్తు చూపే పట్టికే ఆధారం.

పట్టిక చదివేటప్పుడు రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. ఒకటి, వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే దేశాల్లో కొన్ని పట్టికలు ఆ మార్పు కలపకుండానే అచ్చవుతాయి. గంట తప్పితే అంతా తప్పినట్టే. రెండు, పట్టికలోని అంకె ప్రశాంత వాతావరణానికి చెప్పిన అంచనా. గాలి పీడనం 1 హెక్టోపాస్కల్ తగ్గితే నీరు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. వాయుగుండం వచ్చి పీడనం మామూలు 1013 నుంచి 983కు పడితే నీరు పట్టిక కన్నా 30 సెంటీమీటర్లు పైన ఉంటుంది. ఒడ్డు వైపు వీచే గాలి ఇంకొంత కలుపుతుంది.

ఎర్రగా గీసిన ముక్క ఎప్పుడు తెరుచుకుంటుందో పటం చెప్పదు, వెళ్లి చూడాల్సిందే. పైబాట నుంచి చూస్తూ, నీరు కొండ పాదాన్ని ఎప్పుడు వదిలిందో, తిరిగి ఎప్పుడు తాకిందో రాసుకోండి. పున్నమి వేళ ఒకసారి, అష్టమి వేళ ఒకసారి చూడాలి. కొండ పాదం దాకా తడి రాయి, నాచు ఉంటే పోటు అక్కడిదాకా వస్తున్నట్టే. పొడి ఇసుక, దాని మీద మొలిచిన గడ్డి ఉంటే మామూలు పోటు అక్కడికి చేరదు.

ఇక్కడ అందరూ పడే ఉచ్చు ఒకటుంది. రెండు కొండకొమ్ముల మధ్య ఒదిగిన ఇసుక తీరంలో నిలబడితే ముందు వంద మీటర్ల పొడి ఇసుక కనిపిస్తుంది, బోలెడంత సమయం ఉందనిపిస్తుంది. కానీ ఆ తీరానికి రెండు చివర్లా ఉన్న కొమ్ముల మొన దగ్గర నేల పల్లం. నీరు ముందు మూసేది వాటినే. మధ్యలో ఇసుక ఇంకా పొడిగా ఉండగానే బయటికి పోయే దారులు రెండూ పోతాయి. కాబట్టి మీ గంట లెక్క ఎప్పుడూ చివరి కొమ్ము మొనకు కట్టాలి.

పై ఉదాహరణలోని దారిలో 3వ కి.మీ. నుంచి 4.5వ కి.మీ. దాకా కింది ముక్క ఉందనుకోండి. ఆటు ఉదయం 9:00కు. ఆ ముక్క 7:00 నుంచి 11:00 దాకా తెరిచి ఉంటుందని చూసి తెలుసుకున్నారు. 8:00కు బయల్దేరితే 8:30 ప్రాంతంలో దిగుతారు, 8:50కి బయటపడతారు. మీరు కింద ఉన్నంతసేపూ నీరు వెనక్కి తీస్తూనే ఉంటుంది, మూసుకోవడానికి ఇంకా రెండు గంటలుంటుంది. ఆటు దాటాక, నీరు పెరిగే వేళ కింది దారిలోకి దిగే అలవాటు వద్దు, గడువు ఎంత మిగిలినా సరే.

అలలు

పోటు సరిగ్గా లెక్కపెట్టినా అల వచ్చి లాక్కుపోవచ్చు. ముందస్తు సూచనలో అల ఎత్తుతో పాటు అల వ్యవధి కూడా చూడండి. ఒక అలకూ మరో అలకూ మధ్య సెకన్లే వ్యవధి. 2 మీటర్ల అల 6 సెకన్లకు ఒకటి వస్తే అది దగ్గరి గాలి రేపిన గందరగోళం. అదే 2 మీటర్లు 14 సెకన్లకు ఒకటి వస్తే దూరపు తుఫాను పంపిన కెరటం. దాని శక్తి రెట్టింపు పైనే, రాతి మీద చాలా పైదాకా ఎగబాకుతుంది. ఇంకో చిక్కు, ఇవి గుంపులుగా వస్తాయి. పది నిమిషాలు చిన్న అలలే వచ్చి, తరువాత మూడు నాలుగు పెద్దవి వరసగా రావచ్చు. కింది దారికి దిగేముందు పైనే నిలబడి 20 నిమిషాలు చూడండి. రాళ్లు ఎక్కడిదాకా తడిశాయో, దిగే హద్దు దానికి బాగా పైన ఉండాలి. ఎండ కాస్తున్న రోజు రాయి తడిగా ఉందంటే ఇటీవలే అల వచ్చి వెళ్లిందని అర్థం.

గాలి, ఎండ

ఎండ ఉన్న రోజుల్లో పగలు నేల వేడెక్కి సముద్రపు గాలి మొదలవుతుంది. మధ్యాహ్నం దాటాక దాని జోరు ఎక్కువ. తెల్లవారుజామున గాలి పడిపోయి ఉంటుంది, లేదా నేల మీంచి నీటి వైపు మెల్లగా వీస్తుంది. పొద్దున్నే వెళ్లడానికి ఇదొక్క కారణం చాలు. గాలి వేగం రెట్టింపైతే ఒంటి మీద తోపు నాలుగింతలవుతుంది. ఒకవైపు వెళ్లి తిరిగొచ్చే దారైతే గాలికి ఎదురుగా మొదలుపెట్టండి. చెమట పట్టిన ఒంటితో, అలసిన కాళ్లతో చివర ఎదురుగాలి తగిలితే ఒళ్లు త్వరగా చల్లబడుతుంది.

కొమ్ముల మొనల దగ్గర గాలి పేలుడులా వస్తుంది. విసురు గాలి గంటకు 50 కి.మీ. దాటే రోజున అంచు బాట వదిలి లోపలి దారిన వెళ్లండి. నేల మీంచి నీటి వైపు తోసే గాలైతే ఇంకా ముందే వదలాలి. అది మిమ్మల్ని అంచు వైపే నెడుతుంది.

ఎండ విషయంలో ఆలోచించేవాళ్లు తక్కువ, దృశ్యం మాత్రం సగం దాని మీదే ఆధారపడుతుంది. సూర్యుడు వెనక ఉంటే సముద్రం ముదురు నీలంగా, రాళ్లు వాటి అసలు రంగుల్లో కనిపిస్తాయి. ఎదురుగా ఉంటే నీరంతా వెండి మెరుపే, కొండలు నల్లటి నీడలే. పడమర చూసే తీరంలో కొండ ముఖాల మీద వెలుగు పడేది సాయంత్రం, తూర్పు చూసే తీరంలో ఉదయం. అయితే వాలిన సూర్యుడికి ఎదురుగా పరుగెత్తితే రాళ్ల నీడలు కళ్లకు అందవు, కాలు ఎక్కడ పెడుతున్నారో తెలియదు. కష్టమైన రాతి ముక్క మీద వెలుగు వెనక నుంచి వచ్చేలా దిశ ఎంచుకోండి. దృశ్యం చూడటానికి నిలబడండి, కదులుతూ చూడొద్దు. తీరం బాటలో పడిపోయేది ఎక్కువగా చదునైన, సులువైన చోటే. కళ్లు సముద్రం మీదికి వెళ్లేది అక్కడే మరి.

కాలి కింది నేల

తడి ఇసుక: నీరు అప్పుడే తీసిన గట్టి ఇసుక పరుగుకు హాయి. మెత్తని పొడి ఇసుక మీద పరుగుకు గట్టి నేల మీద కన్నా 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుందని 1998లో అచ్చయిన ఒక ప్రయోగం కొలిచింది. పిక్కలు, మడమ వెనక స్నాయువు ముందు అలసిపోతాయి. కాబట్టి మొదట్లో 10 నిమిషాలు మించొద్దు. నీటి అంచున నేల ఒకవైపు వాలి ఉంటుంది. అటూ ఇటూ సమానంగా పరుగెత్తకపోతే ఒక మోకాలి బయటివైపు నొప్పి మొదలవుతుంది.

రాతి తిన్నెలు: ఇక్కడ రంగు చూసి అడుగు వేయాలి. చాలా తీరాల్లో పైన బూడిద రంగు, నారింజ రంగు మచ్చలున్న పొడి రాయి ఉంటుంది, దాని మీద పట్టు బాగుంటుంది. దాని కింద నల్లటి పట్టీ వస్తుంది. పొడిగా ఉంటే పరవాలేదు, తడిస్తే గాజులా జారుతుంది. దాని కింద రాతికి అతుక్కున్న గరుకు తెల్లటి పెంకుల వరస. చెప్పుకు పట్టు దొరుకుతుంది, చేయి పడితే మాత్రం చర్మం చీరుకుపోతుంది. ఇంకా కిందున్న పచ్చ, గోధుమ రంగు నాచు మీద ఏ చెప్పూ ఆగదు. అక్కడ పరుగు మానేయాలి, నడకతో కూడా పక్కకు తప్పుకోవాలి.

గుండ్రాళ్లు: నున్నగా గుండ్రంగా ఉన్నవి కదులుతాయి. పెద్దవాటి మధ్యభాగం మీద అరికాలు మొత్తం ఆనించి, బరువు పూర్తిగా వేయకముందే తరువాతి అడుగు ఎక్కడో చూసుకోండి. పిడికెడంత గులకరాళ్ల గుట్టల మీద పరుగెత్తడం వల్ల చీలమండ నొప్పి తప్ప మిగిలేదేమీ లేదు, నడవండి.

మెట్లు, దిగుళ్లు: అడుగులు చిన్నవిగా, వేగంగా వేయండి. మడమతో బ్రేకు వేస్తే ఒళ్లు వెనక్కి వాలి జారుతారు. ఛాతీని కాస్త ముందుకు, చేతులను కాస్త పక్కకు పెట్టండి. తడి చెక్క మెట్ల మీద కాలితో వెనక్కి తోయకుండా నిలువుగా దించి నిలువుగా ఎత్తాలి. మర్నాడు తొడల ముందుభాగం పట్టేసేది దిగుళ్ల వల్లే. నెల ముందు నుంచి వారానికి ఒకసారి మెట్లు దిగే సాధన చేస్తే అది చాలావరకు తగ్గుతుంది.

బూట్ల అడుగున పళ్లు 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటే ఇలాంటి కలగలుపు నేలకు సరిపోతుంది. బురదకు చేసిన లోతు పళ్లు రాతి మీద వంగిపోయి పట్టు తగ్గిస్తాయి. నీరు లోపలికి రాని పొరున్న బూట్లు ఇక్కడ వద్దు. పైనుంచి ఒక అల పడితే ఆ నీరు బయటికి పోదు.

అంచు

బాట అంచుకు దగ్గరైన చోట గడ్డిని నమ్మొద్దు. కింద మట్టి కొట్టుకుపోయి, వేర్లు పట్టుకున్న పెళ్ల మాత్రమే మిగిలి ఉండొచ్చు. పైనుంచి చూస్తే తేడా తెలియదు. అంచుకు సమాంతరంగా నేలలో పగులు కనిపిస్తే ఆ పగులు నుంచి అంచు దాకా ఉన్నదంతా కూలడానికి సిద్ధంగా ఉన్నట్టే. గ్రానైటు, బసాల్టు కొండలు గట్టివి. బంకమట్టి, సుద్దరాయి కొండలు త్వరగా కరుగుతాయి. ఇంగ్లండులోని హోల్డర్‌నెస్ మట్టి తీరం సగటున ఏడాదికి సుమారు 2 మీటర్లు వెనక్కి పోతోంది. అలాంటి తీరాల్లో రెండేళ్ల కిందటి జీపీఎస్ గీత ఇప్పుడు గాలిలో ఉండొచ్చు. సముద్రం తొలిచిన రాతి వంతెనల మీదికీ ఎక్కొద్దు. మాల్టాలో గోజో దీవి దగ్గర ఎంతో పేరున్న అజూర్ విండో 2017 మార్చి 8న తుఫానులో కూలిపోయింది. పెద్ద వాన తరువాత, చలి దేశాల్లో మంచు కరిగే రోజుల్లో రాళ్లు ఎక్కువగా రాలతాయి. కొండ కింద తాజా రాళ్ల గుట్ట కనిపిస్తే అక్కడ ఆగకుండా, పాదానికి వీలైనంత దూరంగా దాటండి. పక్షులు గూళ్లు పెట్టే కాలంలో కొన్ని అంచు బాటలు మూసేస్తారు. ఆ బోర్డు ఉంటే చుట్టు తిరగడమే.

వెంట ఉండాల్సినవి

గంటకు 400 నుంచి 800 మిల్లీలీటర్ల నీళ్లు. గాలికి చెమట వెంటనే ఆరిపోతుంది కాబట్టి ఎంత పోయిందో తెలియదు. దాహం వేసేదాకా ఆగకండి. గాలి ఆపే పల్చని జాకెట్, వెండి రేకు దుప్పటి, ఈల, నీరు చొరని సంచిలో ఫోను, పొద్దు వాలే వేళైతే తలకు కట్టుకునే దీపం. గాలి చల్లగా ఉన్నా నీటి మీంచి తిరిగొచ్చే ఎండ కాలుస్తుంది. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో, ఎన్నింటికి రాకపోతే సహాయం పిలవాలో ఒకరికి చెప్పి వెళ్లండి.

చిక్కుకుంటే

నీరు రెండువైపులా మూసేస్తే కొమ్ము చుట్టూ ఈదాలని చూడొద్దు, కొండ ఎక్కాలనీ చూడొద్దు. ప్రాణాలు పోయేది ఎక్కువగా ఈ రెండు ప్రయత్నాల్లోనే. పోటు గీతకు పైన ఎక్కడ నిలబడే చోటుందో అక్కడికి చేరి, ఉన్న బట్టలన్నీ వేసుకుని, అత్యవసర నంబరుకు ఫోను చేయండి. చాలా దేశాల్లో 112 పనిచేస్తుంది. ఫోను అందకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల వేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ వేయాలి. చీకట్లో దీపంతోనూ అంతే. నిమిషానికి మూడు ఈలలు బదులొస్తే ఎవరో విన్నట్టు.

నీళ్లలో పడితే మొదటి నిమిషం ఈదకండి. చల్లటి నీటి దెబ్బకు ఊపిరి ఎగబీలుస్తుంది, ఆ సమయంలో కష్టపడితే నీరు మింగుతారు. వెల్లకిలా తేలుతూ, చెవులు నీటిలో మునిగేలా తల వెనక్కి వాల్చి, శ్వాస కుదుటపడ్డాక దారి చూసుకోండి. ఇంకొకరు పడితే వెనకే దూకొద్దు. తేలే వస్తువేదైనా విసరండి, వాళ్ల మీంచి చూపు తిప్పకుండా ఫోను చేయండి.

సముద్రపు పొగమంచు నీటి మీంచి గోడలా కదిలి వస్తుంది, ఒక్కసారిగా చల్లబడుతుంది. అది కనిపించగానే దగ్గరి తప్పించుకునే దారిన లోపలికి వెళ్లిపోండి. ముందు దారి గుర్తుందన్న ధీమాతో అంచు బాటలో సాగొద్దు.

ఇంటికి వచ్చాక

బూట్లను ఆ రోజే మంచినీళ్లలో ముంచి కడగండి. లోపలి మెత్త బయటికి తీసి, కాగితాలు కుక్కి, నీడన ఆరబెట్టండి. ఆరిన ఉప్పు గళ్లు గుడ్డను లోపల్నుంచి అరగదీస్తాయి, ఎండలో పెడితే జిగురు విడుతుంది. జాకెట్ జిప్పు, దీపం బ్యాటరీ మూత, ఈల గొలుసు కూడా కడిగి తుడవండి. తరువాత పటం తీసి, ఒక్కో కొమ్ము మొనను ఎన్నింటికి దాటారో, అప్పుడు నీరు దాని పాదానికి ఎంత దూరంలో ఉందో, ఆరోజు పోటు ఎత్తు ఎంతో దాని పక్కనే రాసిపెట్టుకోండి.